వార్త వదిలేసిన మనుషులు: మిసిసిపీ వార్తాచిత్రాల్లో చరిత్ర

1

చరిత్రకు ఆధారాలంటే మనకు వెంటనే స్ఫురించేవి శాసనాలు, తాళపత్రాలు, కైఫీయతులు, రెవిన్యూ రికార్డులు. ఇరవయ్యో శతాబ్దం వీటి సరసన మరో రకం ఆధారాన్ని చేర్చింది. సినిమాహాళ్లలో అసలు బొమ్మకు ముందు వేసిన వార్తాచిత్రాలు, రేడియో ధ్వనిముద్రణలు, టెలివిజన్ కేంద్రాలు తీసి దాచిన ఫిల్ము చుట్టలు ఇవాళ చరిత్రకారుడి బల్ల మీదికి వచ్చాయి. వీటిని ఎలా చదవాలన్న ప్రశ్న కూడా వాటితోపాటే వచ్చింది.

కాగితం మీది మాటను చూస్తే, ఇది ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు అని అడగడం మనకు అలవాటే. కరణం లెక్కను రైతు నమ్మడు. నమ్మకపోవడానికి అతనికి తగినంత అనుభవం ఉంది. తెర మీద కదిలే బొమ్మ దగ్గర మాత్రం ఆ అనుమానం సడలిపోతుంది. కళ్లారా చూశాం కనక జరిగిందనుకుంటాం. చూడలేదు కనక జరగలేదనుకుంటాం. మొదటిది సగం నిజం. రెండోది పూర్తి అబద్ధం.

కెమెరా ఒక ఆస్తి. ప్రసార లైసెన్సు అంతకన్నా పెద్ద ఆస్తి. ఒక సమాజంలో ఆస్తి సంబంధాలు ఎలా ఉంటాయో అక్కడి వార్త కూడా దాదాపు అలాగే ఉంటుంది. అయితే ఇంతటితో ఆగిపోతే అది యాంత్రిక సూత్రీకరణ అవుతుంది. పాలకులు తీసిన ఫిల్ములో పాలకులు ఉద్దేశించనివి కూడా పడతాయి. చట్రంలో ఒక మూల నిలబడ్డ మనిషి, వ్యాఖ్యాత ఒక్క వాక్యంతో దాటేసిన శవం, హఠాత్తుగా ఆగిపోయిన ప్రసారం, ఇవన్నీ ఆధారాలే. వార్తగా పనికిరాదని వదిలేసిన దానిలోనే చాలాసార్లు చరిత్రకు కావలసిన సాక్ష్యం ఉంటుంది. కాని ఆ సాక్ష్యం తనంతట తాను నోరు విప్పదు. ఆ మనుషులకు సంబంధించినవాళ్లు వచ్చి పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది. అమెరికా దక్షిణాదిన ఉన్న మిసిసిపీ రాష్ట్రపు వార్తాచిత్రాల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

2

మిసిసిపీ పత్తి రాష్ట్రం. 1860 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 7,91,305 మందిలో 4,36,631 మంది బానిసలు. అంటే సగానికి పైగా జనం ఇంకొకరి ఆస్తి. అంతర్యుద్ధం బానిసత్వాన్ని రద్దుచేసింది గాని భూమిని పంచలేదు. నిన్నటి బానిస పాలికాపు అయ్యాడు. విత్తనం, అప్పు, లెక్కల పుస్తకం అన్నీ భూస్వామి చేతిలోనే ఉండిపోయాయి. 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగం వోటు పన్నుతో, చదువు పరీక్షతో నల్లవాళ్ల వోటుహక్కును ఊడబెరికింది. 1960లో రాష్ట్ర జనాభాలో నల్లవాళ్లు నూటికి 42 మంది. కాని 1964 నాటికి కూడా వయసు వచ్చిన నల్లవాళ్లలో వోటరు జాబితాకెక్కినవాళ్లు నూటికి ఏడుగురు లేరు.

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పు చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే మిసిసిపీలోని ఇండియనోలా పట్టణంలో తెల్ల భూస్వాములు, బ్యాంకర్లు, వ్యాపారులు కలిసి సిటిజన్స్ కౌన్సిల్ అనే సంస్థ పెట్టుకున్నారు. కూ క్లక్స్ క్లాన్ ముసుగు వేసుకుని రాత్రి పూట చేసే పనిని వీళ్లు కోటు తొడుక్కుని పగటిపూట చేశారు. వోటు అడిగిన నల్లవాడికి అప్పు పుట్టదు, పని దొరకదు, ఇల్లు నిలవదు. ఇది వాళ్ల పద్ధతి. 1956లో రాష్ట్ర ప్రభుత్వమే సావరిన్టీ కమిషన్ పేరిట ఒక గూఢచారి సంస్థను నెలకొల్పి, పౌరహక్కుల కార్యకర్తల మీద నిఘా పెట్టింది. సిటిజన్స్ కౌన్సిల్ రేడియో, టెలివిజన్ కార్యక్రమాలకు ప్రజల పన్నుల సొమ్ము ఈ కమిషన్ ద్వారానే చేరింది.

సరిగ్గా ఈ కాలంలోనే మిసిసిపీ ఇళ్లలోకి టెలివిజన్ వచ్చింది. రాజధాని జాక్సన్‌లో 1953 డిసెంబరులో డబ్ల్యూఎల్‌బిటి అనే కేంద్రం మొదలైంది. దాని యజమాని ఒక జీవిత బీమా కంపెనీ. మేనేజరు ఫ్రెడ్ బియర్డ్ సిటిజన్స్ కౌన్సిల్ సభ్యుడు. కౌన్సిల్ పుస్తకాల దుకాణం ఆ కేంద్రం ఆవరణలోనే నడిచింది. ఆ కేంద్రం ప్రసార పరిధిలో ఉన్న జనంలో దాదాపు 45 శాతం మంది నల్లవాళ్లు.

అప్పటి టెలివిజన్ వార్త తయారైన తీరును ఇక్కడ తెలుసుకోవాలి. విలేకరి 16 ఎమ్మెమ్ ఫిల్ము కెమెరాతో వెళ్లి రెండు మూడు నిమిషాల దృశ్యం తీసుకొస్తాడు. దాన్ని కడిగి, కత్తిరించి, అతికించి, సాయంత్రం వార్తల్లో తిప్పుతారు. స్థానిక కేంద్రాలు తీసిన ఫిల్ముల్లో చాలావాటికి ధ్వని ఉండదు. బొమ్మ నడుస్తుంటే వార్తలు చదివేవాడు స్టూడియోలో కూర్చుని కాగితం చూసి చదువుతాడు. ఆ చదువు గాలిలో కలిసిపోతుంది. మిగిలేది మూగబొమ్మల చుట్ట. ఈ విధంగా 1950లు, 60లలో డబ్ల్యూఎల్‌బిటి తీసిన ఫిల్ములు చివరికి మిసిసిపీ రాష్ట్ర ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరాయి.

ఆనాడు ఆ బొమ్మకు అర్థం చెప్పింది పాలకుల గొంతు. ఇవాళ ఆ గొంతు పోయి బొమ్మ మిగిలింది. ఊరేగింపులో నడుస్తున్న పిల్లలు, వాళ్లను చెత్త బండ్లలోకి ఎక్కిస్తున్న పోలీసులు, పక్కన నిలబడి చూస్తున్న జనం వీటిలో కనిపిస్తారు. అల్లరి మూకలని అప్పుడు చదివి ఉండవచ్చు. ఆ మాట పక్కన లేకుండా చూసినప్పుడు అల్లరి ఎవరిదో కళ్లకే తెలుస్తుంది. పాత వార్తాచిత్రాన్ని చరిత్రకారుడు చదివేటప్పుడు చేయవలసిన మొదటి పని ఇదే. బొమ్మను వ్యాఖ్యానం నుంచి విడదీయాలి.

3

చూపించిన దానికన్నా చూపించనిది ఈ కేంద్రం చరిత్రలో ఎక్కువ. 1955లో జాతీయ నెట్‌వర్క్ నుంచి వస్తున్న ఒక కార్యక్రమంలో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్ఏఏసిపి న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ మాట్లాడుతున్నాడు. బడుల కేసు వాదించి గెలిచింది ఆయనే. డబ్ల్యూఎల్‌బిటి ఆ కార్యక్రమాన్ని కోసేసి, కేబుల్ చెడింది మన్నించండి అన్న పలకను తెర మీద పెట్టింది. కేబుల్‌కు ఏమీ కాలేదు. ఆ పలక వెనక ఉన్నది మేనేజరు చెయ్యి.

సెన్సారు చేసేవాడు తన పనికి ఎప్పుడూ ఆ పేరు పెట్టడు. సాంకేతిక లోపమంటాడు, స్థలం లేదంటాడు, కాగితం కొరత అంటాడు. రచయితలుగా ఈ భాష మనకు కొత్తది కాదు. అయితే ఆ పలక కూడా ఒక చారిత్రక పత్రమేనని గుర్తించాలి. మిసిసిపీ పాలకులు ఏ మాటకు భయపడ్డారో, ఏ మనిషి ముఖం తమ కూలీల ఇళ్లలో కనబడగూడదనుకున్నారో ఆ ఖాళీ తెర చెబుతోంది.

ఎన్ఏఏసిపి మిసిసిపీ కార్యదర్శి మెడ్గర్ ఎవర్స్ ఈ కేంద్రం మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు పెట్టాడు. 1963 మేలో జాక్సన్ మేయరు టెలివిజన్‌లో మాట్లాడి, తమ నగరంలో నల్లవాళ్లు సుఖంగా ఉన్నారన్నాడు. దానికి జవాబు చెప్పే అవకాశం మే 20న ఎవర్స్‌కు దక్కింది. పదిహేడు నిమిషాలు మాట్లాడాడు. మిసిసిపీ తెల్లవాళ్లలో చాలామంది ఒక నల్లవాడు సమానుడిలా ఎదురుగా కూర్చుని వాదించడం చూడడం అదే మొదలు. మూడు వారాలు గడిచాక, జూన్ 12 తెల్లవారుజామున, ఆయన్ను సొంత ఇంటి వాకిట్లో కాల్చి చంపారు. టెలివిజన్ ఆయన ముఖాన్ని రాష్ట్రమంతటికీ తెలిపింది. ఆ ఎరుక ఆయన మృత్యువును దగ్గరకు తెచ్చిందని తోటివాళ్లు నమ్మారు. హంతకుడు బైరన్ డి లా బెక్విత్ మీద 1964లో రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలు తేల్చలేదు. శిక్ష పడింది 1994లో.

1964 మార్చిలో ఎవరెట్ పార్కర్ అనే క్రైస్తవ ప్రబోధకుడు ఒక కొత్త పని చేశాడు. జాక్సన్‌లోని కొందరు స్వచ్ఛంద కార్యకర్తలను రహస్యంగా కూడగట్టి, వారం రోజులపాటు ఆ కేంద్రం ప్రసారాలన్నిటినీ చూసి, ఏ మనిషికి ఎన్ని నిమిషాలు దక్కాయో రాయించాడు. వాళ్ల పేర్లు బయటపెడితే ప్రాణాపాయం గనక వాటిని దాచిపెట్టాడు. ఆ లెక్కల ఆధారంగా ఏరన్ హెన్రీ, ఆర్.ఎల్.టి. స్మిత్ అనే స్థానిక నల్లజాతి నాయకులతో కలిసి లైసెన్సు రద్దుచేయమని దరఖాస్తు పెట్టాడు. ప్రసారాల నియంత్రణ కమిషన్ ఆ దరఖాస్తును వినడానికే ఒప్పుకోలేదు. అప్పటి పద్ధతి ప్రకారం లైసెన్సు మీద అభ్యంతరం చెప్పాలంటే వ్యాపారంలో నష్టమైనా రావాలి, తమ ప్రసారానికి విద్యుత్ అంతరాయమైనా కలగాలి. ప్రేక్షకుడికి ఈ రెండూ ఉండవు. ప్రేక్షకుడనేవాడు చట్టం దృష్టిలో లేడు!

1966 మార్చిలో అప్పీలు కోర్టు ఈ వాదాన్ని కొట్టేసింది. చూసే జనానికి అభ్యంతరం చెప్పే హక్కుందని తీర్పిచ్చింది. కమిషన్ మళ్లీ పాత యజమానికే లైసెన్సు కట్టబెడితే, 1969లో అదే కోర్టు ఆ లైసెన్సును రద్దుచేసింది. 1971లో కేంద్రం నిర్వహణ తాత్కాలికంగా ఒక లాభాపేక్షలేని సంస్థ చేతికి వచ్చింది. 1972లో విలియమ్ డిల్డే అనే నల్లజాతీయుడు మేనేజరయ్యాడు. ఒక్క వారం లెక్క రాసిపెట్టిన పేరులేని మనుషులు అమెరికా ప్రసార చట్టాన్నే మార్చేశారన్నమాట. వాళ్లు రాసుకున్నది కూడా ఒక వార్తాభాండాగారమే. తమ మీద ప్రసారమైనదాన్ని ప్రజలే నమోదు చేసిన భాండాగారం అది.

4

స్థానిక కేంద్రాల మీద యజమాని పట్టు గట్టిది. బయటినుంచి వచ్చిన కెమెరాలకు ఆ పట్టు లేదు. అందుకని అవి నిష్పక్షపాతమైనవనుకోవడం పొరపాటు. వాటికి వేరే యజమానులున్నారు, వేరే పరిమితులున్నాయి.

1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ ప్రతినిధుల అర్హతలను తేల్చే సంఘం ముందు ఫానీ లూ హేమర్ వాంగ్మూలమిచ్చింది. ఆమె సన్‌ఫ్లవర్ కౌంటీ పత్తిచేలలో పెరిగిన మనిషి. 1962లో వోటరుగా నమోదు కావడానికి వెళ్లినందుకు పద్ధెనిమిదేళ్లు పనిచేసిన భూస్వామి క్షేత్రం నుంచి ఆ రోజే వెళ్లగొట్టారు. 1963 జూన్‌లో వినోనా జైలులో ఒళ్లు హూనం చేశారు. అదంతా ఆమె దేశం ముందు చెబుతోంది. కెమెరాలు ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాయి. సరిగ్గా అప్పుడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వైట్‌హౌస్‌లో హఠాత్తుగా విలేకరుల ముందుకు వచ్చాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. అక్కడ ఆయన చెప్పిందేమీ లేదు.

జాక్సన్‌లో మేనేజరు పలక పెట్టాడు. వాషింగ్టన్‌లో అధ్యక్షుడు స్వయంగా తానే పలక అయ్యాడు. అయితే ఆ సాయంత్రం నెట్‌వర్కులు హేమర్ వాంగ్మూలాన్ని వార్తల్లో మళ్లీ వేశాయి. పగటికన్నా రాత్రి చూసేవాళ్లు ఎక్కువ. అడ్డుకోబోయిన మాట రెట్టింపయింది. ఫిల్ము అనేది నిలవ ఉండే వస్తువు గనక ఇది సాధ్యమైంది. ప్రత్యక్ష ప్రసారాన్ని మళ్లించవచ్చు గాని నమోదైన మాటను అంత తేలికగా మళ్లించలేరు.

ఆ తర్వాత గ్రీన్‌వుడ్ పట్టణంలో మరో సంఘటన జరిగింది. ఎన్‌బిసి తరఫున ఫ్రాంక్ డి ఫెలిటా మిసిసిపీ తెల్లవాళ్ల అభిప్రాయాలను చిత్రించడానికి వచ్చాడు. తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే ఒక హోటల్లో బుకర్ రైట్ అనే నల్లజాతి సర్వరు ఉండేవాడు. అక్కడ అచ్చువేసిన పదార్థాల పట్టిక లేదు. అతనే నవ్వుతూ రాగయుక్తంగా పదార్థాల పేర్లన్నీ వల్లిస్తాడు. ఆ ముచ్చటైన పాటను చిత్రించమని స్థానికులు సలహా చెప్పారు. కెమెరా పెట్టారు. అతను పదార్థాల పేర్లన్నీ చెప్పాడు. తర్వాత ఆగకుండా, ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో చెప్పడం మొదలుపెట్టాడు. తనను ఏ పేర్లతో పిలుస్తారో, ఎలా అవమానిస్తారో, అయినా ఎందుకు నవ్వాలో చెప్పాడు. తన పిల్లలకు చదువు కావాలని, వాళ్లు తనలా బతకగూడదని, అందుకే ఈ నవ్వని చెప్పాడు. అదంతా కలిపి కొద్ది నిమిషాలే.

ఈ చిత్రం 1966 మేలో ప్రసారమైంది. బుకర్ రైట్ ఉద్యోగం పోయింది. ఒక పోలీసు అతన్ని కొట్టి ఆసుపత్రిపాలు చేశాడు. నల్లవాళ్ల పేటలో అతను సొంతంగా నడుపుకుంటున్న చిన్న హోటలును ధ్వంసం చేశారు. 1973లో తన హోటల్లోనే ఒక మనిషి చేతిలో చనిపోయాడు. ఆ ఫిల్ము నలభై ఏళ్లకు పైగా మరుగున పడింది. సొంత మనవరాలు ఇవెట్ జాన్సన్‌కు కూడా తాత అలా మాట్లాడినట్టు తెలియదు. డి ఫెలిటా కొడుకు ఆ పాత చిత్రాన్ని వెలికితీసి, ఆమెతో కలిసి 2012లో కొత్త చిత్రంగా మలిచాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. కెమెరాకు కావలసింది సేవకుడి వినోదం. సేవకుడు ఆ వినోదాన్ని వాహనం చేసుకుని తన చైతన్యాన్ని అందులో ఎక్కించాడు. మన జానపద కళారూపాల్లో హాస్యగాడు దొర ముందే దొరను విమర్శించే పద్ధతి ఇలాంటిదే. రెండో సంగతి, మాట్లాడినందుకు మూల్యం చెల్లించింది చిత్రం తీసినవాడు కాదు. అతను న్యూయార్క్ వెళ్లిపోయాడు. గ్రీన్‌వుడ్‌లో బతకవలసింది బుకర్ రైట్. పీడితుల జీవితాన్ని నమోదు చేసే రచయితలందరూ ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి.

5

వార్త వదిలేసిన మనిషి అన్న మాటకు అత్యంత దారుణమైన ఉదాహరణ 1964 వేసవిలో ఉంది. జూన్ 21న నెషోబా కౌంటీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలు మాయమయ్యారు. జేమ్స్ చేనీ మిసిసిపీ నల్లవాడు. ఆండ్రూ గుడ్‌మన్, మికీ ష్వెర్నర్ న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు. దేశమంతా కదిలింది. నావికాదళం వచ్చి చెరువులు, చిత్తడి నేలలు గాలించింది. ప్రపంచ విలేకరులు దిగారు. పోయినవాడు చేనీ ఒక్కడే అయితే ఇంత అలజడి ఉండేది కాదని ష్వెర్నర్ భార్య రీటా ఆనాడే విలేకరుల ముఖం మీద చెప్పింది.

ఆమె మాట ఎంత నిజమో జూలై నెలలోనే తేలింది. మిసిసిపీ నది పాతపాయలో రెండు శవాల మొండేలు దొరికాయి. అవి హెన్రీ డీ, చార్లెస్ మూర్ అనే పందొమ్మిదేళ్ల నల్ల కుర్రాళ్లవి. మే 2న మీడ్‌విల్ దగ్గర రోడ్డు పక్కన బండికోసం నిలబడ్డ ఆ ఇద్దరినీ క్లాన్ మనుషులు ఎక్కించుకుపోయి, అడవిలో కొట్టి, ఇనుప బరువులు కట్టి, ప్రాణం ఉండగానే నీళ్లలో పడేశారు. దేశం వెతుకుతున్నది ఈ ఇద్దరికోసం కాదు. కాబట్టి వార్త అక్కడినుంచి ముందుకు సాగిపోయింది. ఆగస్టు 4న ఒక మట్టికట్ట కింద ఆ ముగ్గురి శవాలు దొరికాక ఈ ఇద్దరినీ అందరూ మరిచిపోయారు. ఇద్దరు క్లాన్ సభ్యులను నవంబరులో అరెస్టు చేశారు. 1965 జనవరిలో కేసు ఎత్తేశారు.

ఆ వేసవిలోనే కెనడా ప్రసార సంస్థ సిబిసి ఒక డాక్యుమెంటరీ తీసింది. అందులో నదిలోంచి ఒక శవాన్ని ఒడ్డుకు చేర్చే దృశ్యం కొన్ని క్షణాలుంటుంది. ఇది కావలసిన శవం కాదన్న అర్థంలో ఒక వ్యాఖ్యానం, వెంటనే మరో దృశ్యం. నలభై ఏళ్ల తర్వాత అదే సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ రిజెన్ ఆ పాత ఫిల్ము చూస్తూ అక్కడ ఆగాడు. కావలసిన శవం కాకపోతే మరి ఎవరిది? ఆ ప్రశ్నతో అతను చార్లెస్ మూర్ అన్న థామస్ మూర్‌ను వెతికి పట్టుకున్నాడు. 2005లో ఇద్దరూ కలిసి మిసిసిపీ వెళ్లారు. ప్రధాన నిందితుడు జేమ్స్ ఫోర్డ్ సీల్ చనిపోయాడని అప్పటికి పత్రికలు రాశాయి. వీళ్లు వెళ్లి విచారిస్తే అతను నిక్షేపంగా బతికే ఉన్నాడు. కేసు మళ్లీ తెరిచారు. 2007 జూన్‌లో జ్యూరీ అతన్ని దోషిగా నిర్ణయించింది. మూడు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2011లో జైల్లో చనిపోయాడు.

ఈ కథలో ఫిల్ము పాత్ర ఎంత, మనిషి పాత్ర ఎంత? ఆ చుట్ట లేకపోతే రిజెన్‌కు ప్రశ్న పుట్టేది కాదు. కాని చుట్ట నలభై ఏళ్లుగా ఉంది. అది తానుగా ఎవర్నీ అరెస్టు చేయించలేదు. పట్టాలు, బరువులు, ఎముకలు, వాంగ్మూలాలు ప్రభుత్వ దస్త్రాల్లో 1964 నుంచీ ఉన్నాయి. లేనిదల్లా వాటిని వెతకాలన్న పట్టుదల. ఆ పట్టుదల అన్న గుండెలోంచి వచ్చింది. భాండాగారం జ్ఞాపకం కాదు. జ్ఞాపకం ఉన్న మనుషులకు అది ఆయుధం మాత్రమే.

6

వార్తాచిత్రాల ఆధారంగా రాసే చరిత్రకు ఒక పెద్ద పరిమితి ఉంది. కెమెరా కొట్టే లాఠీని చూడగలదు గాని కూలిరేటును చూడలేదు. బడి గుమ్మం ముందు అడ్డుపడిన గవర్నరు, కుక్కలతో వచ్చిన పోలీసు, తగలబడుతున్న చర్చి, ఇవి దృశ్యాలు. అదే కాలంలో పత్తి తీసే యంత్రం, కలుపు చంపే మందు వచ్చి డెల్టా ప్రాంతంలో వేల కుటుంబాలను చేలనుంచి తరిమాయి. ఇది ఒక్కరోజు సంఘటన కాదు గనక సాయంత్రం వార్తకు లొంగదు.

1965 వసంతంలో షా అనే చిన్న ఊళ్లో పత్తికూలీలు సంఘం పెట్టుకున్నారు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా కలుపు తీస్తే మూడు డాలర్లు. గంటకు డాలరుపావు కావాలని సమ్మె కట్టారు. భూస్వాములు యంత్రాలను, కొత్త కూలీలను దించారు. గుడిసెల్లోంచి గెంటివేతకు గురైనవాళ్లు గుడారాల్లో బతికారు. 1966 జనవరి చివర కొందరు గ్రీన్‌విల్‌లో ఖాళీగా ఉన్న వైమానిక స్థావరాన్ని ఆక్రమించి తిండి, పని, భూమి అడిగారు. సైనిక పోలీసులు వాళ్లను మోసుకొచ్చి బయట పడేశారు.

వోటు హక్కు చట్టం 1965లో వచ్చింది. 1967 నాటికి మిసిసిపీ నల్లవాళ్లలో దాదాపు 60 శాతం వోటర్లయ్యారు. ఇది మామూలు విజయం కాదు. దానికి నెత్తురు ధారపోశారు. కాని వోటు వచ్చేనాటికి చేలో పని పోయింది. పౌరహక్కుల పోరాటాన్ని విజయగాథగా చూపించే డాక్యుమెంటరీలు మొదటి వాక్యం చెప్పి ఆగిపోతాయి. రెండో వాక్యం ఫిల్ములో తక్కువ, కూలిపుస్తకాల్లో, సంఘం తీర్మానాల్లో ఎక్కువ. చరిత్రకారుడు తెర ముందునుంచి లేచి ఆ కాగితాల దగ్గరికి కూడా వెళ్లాలి.

7

ఈ మిసిసిపీ చర్చ తెలుగు రచయితకు ఎందుకు? మన దేశంలోనూ వార్తాచిత్రాల మీద చాలాకాలం ఒకే యజమాని ఉన్నాడు కనక. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలను ప్రతి సినిమాహాలూ ప్రదర్శించి తీరవలసిన నిబంధన ఉండేది. ప్రాజెక్టుల శంకుస్థాపనలు, నాయకుల పర్యటనలు, విదేశీ అతిథులు వాటి నిండా కనిపిస్తారు. మన రాష్ట్ర చరిత్రను వాటితోనే రాస్తే అది రిబ్బన్లు కత్తిరించిన చరిత్ర అవుతుంది. 1948 సెప్టెంబరు 18న నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయిన బొమ్మ అందరికీ తెలుసు. ఆ తర్వాత గ్రామాల్లో జరిగిన మారణకాండపై విచారించిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక మాత్రం దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. మన చరిత్రలో కూడా కేబుల్ చెడిన సందర్భాలు ఉన్నాయన్నమాట.

దీనికి ప్రతిగా ప్రజాపక్షం నుంచి జరిగిన పని కూడా ఉంది. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల నోటిమాటలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను వెలువరించింది. పోరాట చరిత్రలు ఒకటి రెండు పేరాలతో దాటేసిన మనుషులు అందులో తమ కథను తామే చెప్పుకున్నారు. పార్టీ లోపల ఎదురైన చేదును కూడా దాచలేదు. మిసిసిపీ భాండాగారంలోని మూగ ఫిల్ములకు లేనిది సరిగ్గా ఆ గొంతే.

చుండూరునూ మరిచిపోలేం. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. సీల్‌ను దోషిగా నిర్ణయించిన 2007లోనే, జూలై 31న, చుండూరు ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. నీళ్లలోంచి తీసిన శవాలు అక్కడా ఇక్కడా ఒకటే అడుగుతున్నాయి. ఎవరు చూశారు, ఎవరు రాశారు, ఎవరు గుర్తుంచుకున్నారు?

ఇవాళ పాత వార్తాచిత్రాలు ఇంట్లో కూర్చుని చూడగలిగేంత దగ్గరికి వచ్చాయి. కథకులు, నవలాకారులు, పరిశోధక విద్యార్థులు వాటిని విరివిగా వాడుతున్నారు. వాడవలసిందే. కాని ఏ దృశ్యం చూసినా కొన్ని ప్రశ్నలు వెంట ఉండాలి. కెమెరా ఎవరిది? అది ఎవరి పక్కన నిలబడి ఉంది? బొమ్మ మీది మాట ఎవరిది? ఎక్కడ కోశారు? చట్రం అంచున ఉన్న ఆ మనిషి పేరేమిటి? అతని ఊరు ఏది, ఊళ్లో అతన్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు? ఈ చివరి ప్రశ్నకు భాండాగారంలో జవాబు దొరకదు. జవాబు కోసం ఊరికి పోవాలి.